దూదికి సెలవుల కటింగ్

ఆ వీధిలో చల్లన్న అంటే తెలియనివాడు లేడు. అసలు పేరు వేరే ఉంది గానీ, దానితో పిలిస్తే ఆయనే పలకడు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడి మెడకూ గుడ్డ చుట్టి, "కదలకు, చల్లగా చేసేస్తా" అనడం ఆయన అలవాటు. జుట్టు కత్తిరించినా చల్లగానే, గడ్డం గీసినా చల్లగానే. చలికాలంలో కూడా అదే మాట. అలా చల్లన్న అయి కూర్చున్నాడు.

దుకాణంలో రెండు కుర్చీలు. ఒకటి తిరుగుతుంది, ఒకటి తిరగదు. తిరగని దాని చేతుల మీద చెక్క అడ్డం వేసి పిల్లలను కూర్చోబెడతాడు. బడికి సెలవులిచ్చిన మర్నాటి నుంచి ఆ చెక్కకు తీరిక ఉండదు. తల్లులు పిల్లలను రెక్క పట్టుకుని లాక్కొస్తారు, ఆయన మిషన్ పెట్టి నున్నగా లాగేస్తాడు. దాని పేరు సెలవుల కటింగ్. ఒంట్లో వేడంతా జుట్టులోనే దాక్కుంటుందని ఆయన సిద్ధాంతం. ఇన్నేళ్లలో ఎవరూ కాదనలేదు. మెడ మీద కత్తి ఆడుతున్నప్పుడు కాదనే మొనగాడు ఎవడుంటాడు లెండి!

అలాంటి చల్లన్నకు లోకంలో ఒక్క మనిషి దగ్గరే పరువు లేదు. ఆవిడ ఆయన అక్క. బడి వంటశాలలో వంట చేస్తుంది. తల్లి పనికి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆవిడే. గొడుగిస్తే పోగొట్టాడు, సైకిలిస్తే గుద్దాడు, కోడిపిల్లలను చూస్తుండమంటే నిద్రపోయాడు. "వీడి చేతికి ఏదిచ్చినా గోవిందా" అని ఆవిడ ఇప్పటికీ నలుగురిలో అంటుంది. అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. నవ్వుతాడే గానీ, లోపల చురుక్కుమంటూనే ఉంటుంది.

ఆ ఏడు సెలవులకు అక్క, బావ, పిల్లలు సముద్రం చూడటానికి బయలుదేరారు. దిగబోయే చోట కుక్కలను రానివ్వరట. దాంతో అక్క తన కుక్కను తమ్ముడికి అప్పజెప్పింది. దాని పేరు దూది. తెల్లగా, ఒళ్లంతా ఒత్తు బొచ్చుతో ఎక్కడ మొహమో ఎక్కడ వీపో తెలియకుండా ఉంటుంది. అక్కకు అది కుక్క కాదు, కడగొట్టు కూతురు.

"ఒరేయ్, తెల్లవారగానే ఒకసారి, పొద్దువాలాక ఒకసారి బయటికి తిప్పు. మధ్యలో వద్దు. రోడ్డు మీద నీ చెయ్యి తిరగేసి ఆనించి చూడు. నీకు చురుక్కుమంటే దానికీ అంతే, దానికి చెప్పుల్లేవు. నీళ్ల గిన్నె ఎండనివ్వకు. నీ దుకాణానికొచ్చే పిల్లలు చాక్లెట్లు, ద్రాక్షపళ్లు పెట్టబోతారు, పెట్టనివ్వకు, దానికి విషం. నీడన ఉంచు. ఏ కాస్త తేడాగా ఉన్నా ఫోన్ చెయ్యి."

"తాతకు దగ్గులు నేర్పుతున్నావా అక్కా?"

"తాతవైతే నాకీ బాధెందుకురా! నువ్వే కాబట్టి చెబుతున్నా." అని దూది నెత్తి మీద ముద్దు పెట్టి, తమ్ముడి వైపు చూసి, "నిన్ను నమ్మి వెళ్తున్నా" అంది.

అక్క నోట ఆ మాట వినడం ఆయనకు అదే మొదలు. ఈసారి మాత్రం అక్క చేత శభాష్ అనిపించుకోవాలని గట్టిగా అనుకున్నాడు. అనుకున్నట్టే మొదట్లో అన్నీ చేశాడు కూడా. వంగి రోడ్డు మీద చెయ్యి ఆనించి చూశాడు. చాక్లెట్ పట్టుకొచ్చిన పిల్లను గుమ్మంలోనే ఆపేశాడు. అక్క చెప్పినవన్నీ చేసి ఊరుకుంటే బాగుండేది. అక్క చెప్పనిది కూడా చేద్దామనుకున్నాడు, అక్కడే వచ్చింది చిక్కు. కుక్కకు జుట్టు తియ్యకు అని ఆవిడ చెప్పలేదు. పాపం, ఆవిడకు మాత్రం ఎలా తడుతుంది అలాంటిది?

ఒకరోజు ఎండ మండిపోతోంది. దూది దుకాణంలో ఫ్యాను కింద నాలుక బారెడు చాపి ఆయాసపడుతోంది. గడ్డానికి వంతు కోసం కూర్చున్న ఎదురింటి కుర్రాడు, బేకరీ నడుపుతాడని అందరూ బేకరీ తమ్ముడు అనేవాడు, దాన్ని చూసి, "పాపం, ఈ ఎండలో ఉన్నికోటు తొడుక్కున్నట్టుంది కదన్నా" అన్నాడు. బేకరీ తమ్ముడికీ ఇంట్లో ఇలాంటి బొచ్చుకుక్కే ఉంది.

ఆ మాట చల్లన్న చెవిన పడింది. చేతులు ఊరుకోలేదు. దూదిని ఎత్తి పిల్లల చెక్క మీద కూర్చోబెట్టాడు, మెడకు గుడ్డ చుట్టాడు. "కదలకు తల్లీ, చల్లగా చేసేస్తా" అనేసరికి దుకాణమంతా ఒకటే నవ్వు. మధ్యాహ్నం భోజనం డబ్బా తెచ్చిన భార్య గుమ్మంలో నిలబడిపోయింది.

"వదినను అడిగారా?"

"అడిగితే వద్దంటుంది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? దానికి జుట్టిచ్చిన దేవుడికి తెలీదా?"

"దేవుడికి ఎండ తగల్దు, నువ్వుండు" అన్నాడు చల్లన్న. దుకాణం మళ్లీ నవ్వింది. నలుగురు నవ్వితే ఆయనకు ఒళ్లు తెలియదు. మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా, చర్మం గులాబీ రంగులో కనబడేదాకా లాగేశాడు. కింద రాలిన బొచ్చుతో ఒక దిండు నిండేది. దూది సగానికి సగమైపోయి, గోడ పక్కకు వెళ్లి వాళ్లకు వీపు పెట్టి కూర్చుంది. "సిగ్గుపడుతోంది" అన్నారెవరో. ఆ మాటకు పగలబడి నవ్వినవాడు చల్లన్నే.

మర్నాడు దూదిని దుకాణం ముందు మెట్టు మీద కట్టాడు. నీడ కోసమనే కట్టాడు, అది నిజమే. కానీ వచ్చేపోయే వాళ్లు తన చేతిపని చూడాలన్న ఆశ కూడా ఉంది, అదీ నిజమే. పొద్దున మెట్టు నిండా నీడ. తర్వాత పిల్లలు గుంపుగా వచ్చారు, ఒక తల తర్వాత ఇంకో తల. నీళ్ల గిన్నెను ఎవరో కాలితో తన్నేశారు. నీడ గోడ వైపు జరిగిపోయింది. కట్టేసిన కుక్క నీడతో పాటు జరగలేదు కదా. రెండు మూడుసార్లు అరిచింది. "ఉండవే, వస్తున్నా" అంటూ ఆయన మిషన్ ఆపలేదు. తర్వాత అరవలేదు. అరుపు ఆగిందంటే ఊరుకుందనుకున్నాడు.

భోజనం డబ్బా చేత్తో పట్టుకుని వచ్చిన భార్య పెట్టిన కేకకు బయటికి పరిగెత్తాడు. దూది పక్కకు ఒరిగిపోయి ఉంది. నోటి నుంచి చిక్కటి చొంగ కారుతోంది. లేపితే కాళ్లు తడబడి మళ్లీ పడిపోయింది. నిన్నటి గులాబీ చర్మం ఎర్రగా కమిలిపోయింది. భార్య దాన్ని లోపలికి లాక్కుని, కుండలో నీళ్లు పొట్ట మీదా పాదాల మీదా పోస్తూ, "చూస్తారేంటి, ఆటో పిలవండి" అని అరిచింది. సగం కత్తిరించిన తలతో ఒక పిల్లాడు కుర్చీలోనే ఉండిపోయాడు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ దూదిని బల్ల మీద పడుకోబెట్టి, సెలైన్ ఎక్కించి, తడిగుడ్డలు కప్పించింది. ఆ హడావిడి కాస్త సర్దుకున్నాక చల్లన్న వైపు తిరిగింది.

"ఈ బొచ్చు ఎవరు తీశారు?"

చల్లన్న దూది మీది తడిగుడ్డ సర్దాడు.

"ఇది మన జుట్టులా కాదండీ. మనకు ఒళ్లంతా చెమట పోసి చల్లబడుతుంది, వీటికి అలా పోయదు. ఈ బొచ్చే వీటికి గొడుగు. ఎండను లోపలికి రానివ్వదు. అది తీసేసి ఎండలో కట్టేస్తే ఏమవుతుంది? ఎవరు చేశారీ పని?"

"ఎవడో... బుద్ధిలేనివాడండీ" అన్నాడు చల్లన్న.

పక్కన భార్య ఉంది. దూది పాదాలు తడుపుతూ ఆవిడ తల ఎత్తలేదు. ఆయన చొక్కా చేతుల నిండా ఇంకా ఆ పిల్లాడి వెంట్రుకలు అంటుకునే ఉన్నాయి. డాక్టరమ్మ వాటిని చూసిందో లేదో ఆయనకు తెలియదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బతుకంతా తన చేతులను నలుగురికీ చూపించి బతికిన మనిషి, మొదటిసారి వాటిని దాచుకున్నాడు. తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. వెనక అలల హోరు, పిల్లల కేరింతలు. "ఏరా, ఏం చేస్తోంది నా బంగారం?"

"నిద్రపోతోంది అక్కా."

"అప్పుడేనా? బద్ధకం నీ దగ్గర నేర్చుకున్నట్టుంది!" అని అక్క పడీ పడీ నవ్వింది. తడిసిన చీర గురించీ, ఇసుకలో బావ చెప్పు పోయిన సంగతీ చెప్పి ఇంకా నవ్వింది. ఆయన ఊఁ కొట్టాడు. ఆస్పత్రి నుంచి తెచ్చి నేల మీద పడుకోబెట్టిన దూది, ఫోన్‌లో అక్క గొంతు విని తల ఎత్తబోయి, ఎత్తలేక వదిలేసింది. అది చూసి ఆయన ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు.

తర్వాత రోజుల్లో ఆయన చేసిన సేవ చూస్తే ఎవరైనా మెచ్చుకునేవాళ్లే. కమిలిన చోట మందు రాశాడు. తన పాత నూలు చొక్కా కత్తిరించి దూదికి తొడిగాడు. పక్కనే పడుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో ఆయనను మించినవాడు లేడు. దూది కోలుకుంది, కూడు తింది, తోక కూడా ఊపింది. తోక ఊపినప్పుడల్లా ఆయనకు ఇంకా సిగ్గేసేది. కరిచినా బాగుండు అనుకున్నాడు. అక్క ఫోన్ చేసిన ప్రతిసారీ మాత్రం దూది నిద్రపోతూనో, స్నానం చేస్తూనో ఉండేది.

"మీరే చెప్పండి వదినకు. నేను చెప్పను, అబద్ధమూ ఆడను" అంది భార్య.

అక్క బస్సు దిగి ఇంటికి కూడా వెళ్లకుండా, సంచితో సహా దుకాణానికి వచ్చేసింది. దూది ఎగిరి మీద పడింది. చొక్కా తొడుక్కున్న కుక్కను చూసి ముందు నవ్వి, చొక్కా కింద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"ఏమైందిరా దీనికి?"

"పురుగులు పట్టాయక్కా. డాక్టరమ్మే తీయించింది. మందు రాస్తున్నాం, తగ్గిపోయింది." ఎన్నిసార్లు లోపల చెప్పుకున్నాడో, మాట ఎక్కడా తడబడలేదు.

అక్క కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నేను కంగారు పడతానని ఒక్కమాట కూడా చెప్పకుండా నువ్వే పడ్డావా ఇదంతా? ఇన్నాళ్లూ నిన్ను ఎంతెంత మాటలన్నానురా..." అని తమ్ముడి చెయ్యి పట్టుకుంది. కూర్చున్న వాళ్ల వైపు తిరిగి, "చూశారా మా తమ్ముణ్ణి!" అంది. ఎన్నేళ్ల నుంచో వినాలనుకున్న మాట. అది విని చల్లన్న తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. భూమి చీలితే అందులో దూరిపోయేవాడే.

సరిగ్గా అప్పుడే బేకరీ తమ్ముడు తన బొచ్చుకుక్కను చంకనేసుకుని లోపలికొచ్చాడు. దూదికి ఎండదెబ్బ తగిలినరోజు అతను ఊళ్లో లేడు, ఆ సంగతి తెలియదు. "అన్నా, ఎండలు ఇంకా ముదిరాయి. మావాడికి కూడా చేసెయ్. ఆరోజు దూదికి చేశావు చూడు, అచ్చం అలాగే. నువ్వు కుదరదంటే ఇంట్లో మిషన్ ఉంది, నేనే లాగేస్తా."

అక్క తమ్ముడి చెయ్యి వదల్లేదు. ఆయన మొహం చూస్తోంది, అంతే.

ఏదో ఒకటి చెప్పి అతన్ని పంపేయొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ పంపేస్తే అతను ఇంటికెళ్లి మిషన్ తీస్తాడు. ఆ కుక్క చల్లన్న వైపు చూసి నాలుక చాపి రొప్పుతోంది.

"వద్దు తమ్ముడూ" అన్నాడు. మళ్లీ అన్నాడు. "వద్దు, నువ్వూ చెయ్యొద్దు. దూదికి పురుగుల్లేవు, ఏమీ లేవు. నేనే గొరిగాను, ఎండలో కట్టేసి మరిచిపోయాను. చావబోయి బతికింది. బొచ్చు ఉంటేనే వాటికి రక్ష అని డాక్టరమ్మ చెప్పింది. నీడన ఉంచి, నీళ్లు పెట్టు, దువ్వి చిక్కులు తియ్యి, చాలు."

బేకరీ తమ్ముడు కుక్కను గట్టిగా పట్టుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయాడు. కుర్చీలో సగం గడ్డంతో ఉన్న పెద్దమనిషి అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు.

తిడుతుందనుకున్నాడు చల్లన్న. తిడితే బాగుండేది. అక్క దూది చొక్కా గుండీలు సర్దుతూ అడిగింది.

"నేను సముద్రం దగ్గర నుంచి ఫోన్ చేసినరోజు నిద్రపోతోందన్నావు. అప్పుడెలా ఉందిరా?"

"లేవలేకపోయిందక్కా. నీ గొంతు విని తల ఎత్తబోయింది."

"నేను నవ్వుతున్నాను అప్పుడు."

"అవునక్కా."

"నన్ను అలా నవ్వనిచ్చావు."

అక్క సంచి భుజానికి తగిలించుకుని, దూదిని తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

కోపం ఎన్నాళ్లుంటుంది, తోడబుట్టినవాళ్ల మధ్య? వారం తిరక్కుండానే కూర గిన్నెతో వచ్చింది. మళ్లీ మాటలు, మళ్లీ నవ్వులు. దూదికి బొచ్చు తిరిగొచ్చింది గానీ, వీపు మీద ఒక చోట మాత్రం రాలేదు. చల్లన్న ఇప్పుడు పిల్లల తలలు కూడా మరీ నున్నగా లాగడం మానేశాడు. అక్క మాత్రం "వీడి చేతికి ఏదిచ్చినా గోవిందా" అనడం మానేసింది. ఎవరైనా ఆ మాట ఎత్తబోతే వేరే సంగతిలోకి దింపేస్తుంది. అది ఆయన ఒక్కడికే తెలుస్తుంది.

మళ్లీ సెలవులొచ్చాయి. అక్కవాళ్లు ఊరికి వెళ్తున్నారని తెలిసి, ఆయనే ఇంటికి వెళ్లి అడిగాడు. "అక్కా, దూదిని ఎక్కడ ఉంచుతున్నావు? ఈసారి దుకాణం మూసేసి ఇంట్లోనే ఉంటాను. కంటికి రెప్పలా చూసుకుంటాను."

అక్క ప్రేమగానే నవ్వింది. మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

"చూద్దాంలేరా" అంది.

మర్నాడు పొద్దున్నే చల్లన్న దుకాణం తలుపు తీస్తుంటే, ఎదురుగా బేకరీ తమ్ముడి ఇంటి ముందు అక్క దూదితో నిలబడి ఉంది. నీళ్ల గిన్నె అతని చేతికిస్తూ, చెయ్యి తిరగేసి రోడ్డు మీద ఎలా ఆనించాలో చూపిస్తోంది. చల్లన్న తీసిన తలుపును సగం మూసుకుని, వాళ్లు లోపలికి వెళ్లేదాకా దాని వెనకే నిలబడ్డాడు.