ఇవాళ కూడా ఏమీ కాలేదట

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని లిటిగేషన్ బాబాయ్ అనేవాళ్ళు. చేసేది లిఫ్టు మెకానిక్ పని. ఎవరేమన్నా "ఆగు నాయనా, దానికీ దీనికీ ముడి ఎక్కడుంది?" అని అడ్డం పడేవాడు. "నేను కాపలా ఉన్నాను కాబట్టే దొంగలు రాలేదు" అని వాచ్‌మన్ మీసం దువ్వితే, "మా ఇంటికీ రాలేదు, అక్కడ ఎవడున్నాడు కాపలా?" అన్నాడట. వాచ్‌మన్ విజిలు ఊదుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడట.

అంత నోరున్న మనిషి వట్టి పిరికివాడు. ఉరిమితే చాలు, మంచం దిగడు.

ఒకరోజు లిఫ్టు ఇనుపతాడు తుడుస్తుంటే గుడ్డ చిక్కుకుంది. చూస్తే పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. ఒకటా రెండా, పదకొండు! ఆ లిఫ్టులో రోజంతా ఎక్కి దిగేది ఎవరనుకున్నారు? ఆయన భార్యే. ఐదో అంతస్తుకి దుప్పట్ల బండి తోసే పని ఆవిడదే మరి.

మేనేజరు దగ్గరికి పరుగెత్తాడు.

"నెల నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదయ్యా. అంటే బాగున్నట్టేగా!" అన్నాడు మేనేజరు.

"ఫిర్యాదుల పుస్తకం మీ సొరుగులో పెట్టి తాళం వేశారు కదండీ. ఎక్కడ రాస్తారు?"

"పదేళ్ళుగా తెగని తాడు ఇప్పుడు తెగుతుందా?"

"ఆ పదేళ్ళూ అరిగింది కదండీ."

మేనేజరు మొహం మాడిపోయింది. "నువ్వు పిరికివాడివి. కిందటేడు మోటారు కాలిపోతుందని గోల చేశావు. ఏమైంది? ఏమీ కాలేదు!"

"పిరికివాణ్ణేనండీ," అని ఒప్పుకున్నాడు బాబాయ్. "పిరికివాడు చెప్పినంత మాత్రాన తెగిన పోగులు అతుక్కుంటాయా?"

బయటికొచ్చి లిఫ్టు ఆపేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. సాయంత్రానికి తాళంచెవీ లాక్కున్నారు, ఉద్యోగమూ పీకేశారు. లిఫ్టు మళ్ళీ తిరిగింది. పై ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాడు. ఉలుకూ పలుకూ లేదు.

"నువ్వూ మానేయవే," అని భార్యని బతిమాలాడు.

"ఇద్దరం మానేస్తే తినేదేమిటండీ?"

"పోనీ, మెట్లెక్కు."

"నిండు బండితోనా? ఈ మోకాళ్ళతోనా?"

ఆ మాటల్లో తప్పు పట్టడానికి బాబాయికి ఏమీ దొరకలేదు. ఏడుపొచ్చింది.

ఇప్పుడు నాలుగయ్యేసరికి గుమ్మంలో నిలబడతాడు. ఐదున్నరకి ఆవిడ వీధి మలుపు తిరిగి కనబడేదాకా అక్కణ్ణించి కదలడు. "మేనేజరు మీతో చెప్పమన్నాడు. ఇవాళ కూడా ఏమీ కాలేదట," అంటూ ఆవిడ నవ్వుతూ చెప్పులు విప్పుతుంది. నిన్న తెగలేదు కాబట్టి రేపూ తెగదనడం వాదన కాదని ఆయనకి తెలుసు. రోజు గడిచేకొద్దీ తాడు ఇంకాస్త అరుగుతుందనీ తెలుసు. అయినా తప్పుడు వాదన వినబడితే చాలు విరుచుకుపడే ఆ మనిషి, రేపు కూడా మేనేజరే నెగ్గాలని లోలోపల వేడుకుంటాడు.