అత్త మూట, ఖాసింబీ చేట

మా చిన్నప్పుడు మనిషి కంటే ముందు మూట ప్రయాణమయ్యేది...

మంచి గడియ గురువారం వచ్చి, రైలు శనివారం ఉంటే... గురువారం ఆ గడియకే ఒక చిన్న మూట కట్టి, పోయే దారిలో ఉన్న ఎవరింట్లోనో పెట్టి వచ్చేవారు. దానిని పరస్థానం అనేవారు. మూట కదిలితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. బయలుదేరిన రోజు ఆ మనిషి తన చేతులతోనే దానిని తీసుకొని సాగిపోవాలి. అంతవరకు ఆ ఇంటివారు సైతం ముట్టరాదు.

మా మేనత్త రంగమ్మ కాన్పుకు మా ఊరు వచ్చింది. మామ సముద్రం అవతల పినాంగు రేవులో గుమాస్తా. బిడ్డకు పళ్లు వచ్చి, తప్పటడుగులు పడుతున్నా, తండ్రి ముఖం చూసి ఎరుగదు. చివరకు మామ ఓడ టిక్కెట్టు పంపించాడు... మద్రాసు నుంచి ప్రయాణం.

ముందు మా డోన్‌లో చిన్న రైలు ఎక్కాలి. గుంతకల్లులో దిగి మద్రాసు పోయే పెద్ద రైలు అందుకోవాలి. రెంటికీ నడుమ వ్యవధి బహు తక్కువ. పెద్ద రైలు తప్పితే ఓడ తప్పినట్టే. ఓడ తప్పితే మళ్లీ ఎన్నాళ్లకో...

మా నాయనకు గుంతకల్లు బెంగ పట్టుకొంది. అన్నం తింటూ కూడా అదే పాఠం.

"దిగతానే నేను సామాన్ల బ్రేకువ్యాను కాడికి ఉరుకుతా. మీరు పెట్టెల జోలికి రావద్దండి. బిడ్డను ఎత్తుకోని వంతెనెక్కండి, అంతే!"

మా జేజికి, అంటే నాయనమ్మకు, ఆ బెంగ లేదు. ఆమె దృష్టి అంతా మూట మీదనే. పసుపు బియ్యం, వక్కలు, రవికెగుడ్డ పెట్టి, వాటి మీద అత్త పాస్‌పోర్టు కూడా పెట్టి ముడివేసింది.

"అది ఎందుకమ్మా దాంట్లో?" అన్నాడు నాయన.

"ఆ బుక్కు లేకుంటే ఓడ ఎక్కనీరని నువ్వే చెప్తివి గదరా. మంచి గడియలో కదలాల్సింది అదే గాని, వక్కలా?"

నాయన మళ్లీ గుంతకల్లు పాఠం అందుకొన్నాడు.

స్టేషను దారిలో, ఊరి చివర, గాజులు అమ్మే హుసేనప్ప ఇల్లు. గురువారం జేజి అక్కడికి తీసుకుపోతే, ఆయన భార్య ఖాసింబీ ఆ మూటను నేల మీద పెట్టనీయలేదు. కొత్త చేట తెచ్చి అందులో పెట్టించుకొంది. ఆ రెండు రోజులూ పిల్లిని కూడా ఆ గదిలోకి రానీయలేదట...

శనివారం మా ఎద్దుల బండి కదిలింది. వీధి మలుపు తిరగగానే ఒకడు కట్టెల మోపుతో ఎదురొచ్చాడు. అపశకునం! జేజి బండి తిప్పమంది. వెనుక సందులో నుంచి, చుట్టు దారిన స్టేషను చేరాము.

ఆ దారిలో ఖాసింబీ ఇల్లు లేదు... ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

పెట్టెలు తూచారు, బ్రేకువ్యానులో ఎక్కించారు. నాయన రసీదు మడిచి జేబులో పెట్టుకొని, అత్త వైపు తిరిగి, "పాపా, మూట సంచిలో పెట్టుకొంటివా?" అన్నాడు.

"ఏం మూట..." అనబోయి అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొంది.

రైలు కదిలే వేళయింది, ఖాసింబీ ఇంటికి పోయి వచ్చే వ్యవధి లేదు. నాయన వ్యాను దగ్గరికి పరుగెత్తి, పెట్టెలు దించమని కూలీని బతిమాలాడు.

"ఏమప్పా, నీ పెట్టెలు అడుక్కు పోయినాయి. ఈడ దించేది కాదు, గుంతకల్లులో చూసుకో!"

జేజి కట్టెలవాణ్ని శపించసాగింది.

"వాడేం జేసెనమ్మా! బండి తిప్పమన్నది నువ్వు గదా!" అన్నాడు నాయన. పాపం, జేజి ముఖం చిన్నబోయింది...

అత్త ఏడవలేదు. బిడ్డను చంకన సర్దుకొని, "పెట్టెలు పోతే పోనీలేన్నా. ఆ బుక్కు లేకుంటే నేను ఎక్కను. ఓడ కాడి దాంక పోయి, బిడ్డకు నాయన్ని చూపించకుండా తిరిగి రాలేను" అంది.

అయితే రైలు కదలలేదు. కర్నూలు నుంచి వచ్చే రైలు ఆలస్యమట. అందులో గుంతకల్లు పోవలసినవారు ఉన్నారట. వారు వచ్చేదాకా మా రైలు ఆగవలసిందే...

అప్పుడు కనబడింది సైకిలు. హుసేనప్ప చెమటలు కక్కుతూ తొక్కుతున్నాడు. వెనుక ఖాసింబీ. రెండు చేతులతో చేట పట్టుకొని కూర్చుంది. చేటలో మూట, పెట్టింది పెట్టినట్టే ఉంది.

"పాపా! రైలు వేళయినా నువ్వు రాకపోతివి. పరస్థానం మా ఇంట్లో మర్సిపోయి యాడికి పోతాండావమ్మా!"

"మూట ఒళ్లో పెట్టుకోని నన్ను పట్టుకోవే అంటే ఇనదు," అన్నాడు హుసేనప్ప రొప్పుతూ. "గుంతలో పడతావు అంటే, పడితే నేను పడతా, చేట పడదు అంటాది!"

"ముట్టగూడదని జేజమ్మ చెప్పింది గదా," అంది ఖాసింబీ. "ముట్టలేదు. నీ చేత్తోనే తీసుకో పాపా."

అత్త తీసుకొంది. జేజి ఖాసింబీ రెండు చేతులూ పట్టుకొని నిలబడిపోయింది...

గుంతకల్లులో నాయన అన్నంత పనీ చేశాడు. పెద్ద రైలు ఆఖరి క్షణంలో అందింది. ఓడ కూడా అందింది. బిడ్డ తండ్రిని చూసి మొదట ఏడ్చిందట, తరువాత చంక దిగనన్నదట. అత్త రాసిన ఉత్తరాన్ని నాయన ఖాసింబీ ఇంటికి పోయి చదివి వినిపించాడు.

నేను రాత్రి కాలేజీలో చదివి పట్టం పుచ్చుకొన్నవాణ్ని. శకునాలు నమ్మను. అయినా ఇటీవల కుటుంబంతో విదేశం పోతూ, ఒక విమానం దిగి మరొక విమానానికి పరుగెత్తినప్పుడు ఇదంతా మనసులో మెదిలింది. అద్దం అవతల విమానం కనబడుతూనే ఉంది... తలుపు మూసేశారు. అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ఆమె మాత్రం ఏం చేయగలదు? మా పెట్టెలు ఎక్కడున్నాయో తెల్లవారితే గాని తెలియదన్నారు.

ముఖం తెలియని ఆ కర్నూలువారి కోసం ఒక రైలు ఆగింది కనుక మా అత్త ఓడ ఎక్కింది. నేడు ఎవరి కోసమూ ఏదీ ఆగదు. వేళకు పోవడం మంచిదే, కాదనను... కాని మనం మరచిన దానిని చేటతో సహా ఎత్తుకొని వచ్చే ఇల్లు, ఇప్పుడు మన దారిలో ఏది?

మీ ఇంటి పరస్థానం మూట ఎవరింట్లో ఉండేది? ఆ ఇల్లాలి పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి...