పక్క సీటు బ్రేకు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. నర్సు ఉద్యోగంలోనే జుట్టు నెరిసింది నాకు. శవాల గదికి ఆనుకుని ఉన్న వార్డులో ఎన్నో నైట్ డ్యూటీలు చేశాను. అక్కడ నన్ను పీక్కు తిన్నవి దోమలే, ఇంకేవీ రాలేదు. పైగా మాది మెథడిస్టు కుటుంబం. పోయినవాళ్లు ప్రభువులో నిద్రిస్తున్నారని మా పాస్టరుగారు ప్రతి సమాధి దగ్గరా చెబుతారు, నేనూ ఆమెన్ అంటాను. నిద్రలో ఉన్నవాళ్లు లేచి రోడ్ల మీద తిరగరు. ఇప్పటికీ నా మాట అదే. కాబట్టి నేను రాసేదాన్ని దయ్యం కథ అనకండి. మరేమనాలో మాత్రం నన్ను అడగొద్దు.

నా పేరు సుగుణ. మాది మంచిర్యాల. జైనూరు అవతల ఒక ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో పని చేస్తున్నాను. సోమవారం పొద్దున కారులో వెళ్తాను, వారమంతా అక్కడే ఒక గదిలో ఉంటాను, శనివారం మధ్యాహ్నం ఇంటికి బయలుదేరతాను. ఆదివారం చర్చి తప్పనివ్వను. దారిలో కెరమెరి ఘాటు, కొండ మీది మలుపుల రోడ్డు, ఉంది. వానాకాలంలో ఆ ఘాటు చూడటానికి ఎంత బాగుంటుందో నడపడానికి అంత పరేషాన్.

కారు మా ఆయనది. పేరు జయరాజు, బడి పిల్లలకు లెక్కలు చెప్పేవారు. ఆయన సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చేనాటికే ఆ కారు తెల్లరంగు పలచబడి మజ్జిగలా అయిపోయింది. అయినా దాన్ని పెళ్లికొడుకును తయారు చేసినట్టు తుడిచేవారు.

నలభై దాటాక నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. కుర్రతనంలో ఆయన నిర్మల్ దగ్గర ఒక మిషన్ కాంపౌండులో పాత జీపు నడిపారు. పాస్టరుగారిని ఊళ్లల్లో ప్రార్థన కూడికలకు తిప్పేవారు. ఆ జీపుకు బ్రేకు ఒక్కసారిగా తొక్కితే అడ్డం తిరిగేదట. అందుకని ఆయన పాదానికి ఒక అలవాటు పడిపోయింది. రెండుసార్లు ఊరికే తాకించి, మూడోసారి తొక్కి పట్టేవారు. తర్వాత ఎంత మంచి బండి ఇచ్చినా అంతే. నాకూ అదే పాఠం చెప్పారు.

"జర తగిలియ్యి, మల్ల తగిలియ్యి, గప్పుడు తొక్కు" అనేవారు.

నాకంత ఓపిక ఎక్కడిది! ఎదురుగా కోడిపిల్ల కనబడినా ఒంట్లో బలమంతా కాలిలోకి తెచ్చి తొక్కేదాన్ని. ఆయన ముందుకు తూలి, పక్క సీట్లో కూర్చునే, కారు అడుగున తన పాదంతో బ్రేకు వేసుకునేవారు. అక్కడ పెడల్ లేదని ఆయనకు తెలుసు. పాదానికి తెలియదు. రబ్బరు మ్యాటు ఆ చోట అరిగి అరిగి చిల్లు పడింది.

"ఆడ బ్రేకు ఎవలు పెట్టిచ్చిన్రు సారూ?" అని ఏడిపించేదాన్ని.

"నీ నడుపుడు జూసి నేనే పెట్టిచ్చుకున్న" అనేవారు.

మంచి రోజులవి. బడి సెలవుల్లో ఆయనా నాతో వచ్చేవారు. దసరా ముందు ఘాటు కింద గోండు ఆడవాళ్లు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని కూర్చునేవారు. ఇంటికని గంపెడు కొని, ఆసిఫాబాదు వచ్చేలోపే సగం ఖాళీ చేసేవారు ఆయన. నేను నడుపుతుంటే ఒక్కో తొన తీసి నా నోటికి అందించేవారు. గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక ఊరు వచ్చేదాకా బుగ్గలో పెట్టుకునేదాన్ని. చర్చి పాటలు తాళం తప్పి పాడేవారు. ఆపమంటే ఇంకో చరణం ఎత్తుకునేవారు.

ఒక శనివారం సాయంత్రం బడి నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగారు. నేను గ్లాసుతో వచ్చేసరికి తల వాలిపోయి ఉంది. చేతులు పడిపోయేదాకా గుండె మీద నొక్కాను. ఊపిరి తిరిగి రాలేదు. నర్సునై ఉండి ఇంట్లో మనిషిని నిలబెట్టుకోలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మా అబ్బాయి ప్రవీణ్ కరీంనగర్‌లో ఉంటాడు. కారు అమ్మేయమని, ఉద్యోగం మానేసి తన దగ్గరికి రమ్మని వాడి పోరు. ఆ కొండల్లోకి బస్సులు పట్టుకుని పోలేనని, అందుకే కారు ఉండాలని నేను అంటాను. అది పైకి చెప్పే మాట. ఆ కారు పోతే ఆయన కూర్చున్న చోటు కూడా పోతుంది. ఆ ఒక్క చోటు కోసమే నేను పట్టుబట్టాను.

ఆయన పోయిన మరుసటి వానాకాలంలో డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు ఒకటి వెలగడం మొదలైంది. కాసేపు వెలిగేది, కాసేపు ఆరేది. మంచిర్యాలలో మా కారు చూసే రఫీక్ దగ్గరికి తీసుకెళ్లాను. అది ఏబీఎస్ లైటు అన్నాడు. మనం బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా ఆ మిషనే బ్రేకును పట్టుకుంటూ వదులుతూ ఉంటుందట. అప్పుడు పెడల్ మన కాలి కింద అదురుతుందట. ఎడమవైపు ముందు చక్రం తిరుగుడును కనిపెట్టే సెన్సారు వైరును ఎలుకలు కొరికేశాయి. పాత మోడల్ కాబట్టి సామాను హైదరాబాదు నుంచి రావాలి.

"సగం పనిచేసేదానికన్నా అసలే లేకుంటే నయం అక్కా. తప్పుడు టైంల తన్నుతది" అన్నాడు రఫీక్. ఏబీఎస్ ఫ్యూజులు పీకేసి, పేపరు ముక్కలో చుట్టి, డ్యాష్‌బోర్డు డబ్బాలో పెట్టాడు. "మామూలు బ్రేకు ఉంటది, ఫికర్ చెయ్యకు. వానల జర మెల్లగ పో."

ఆ రోజు నుంచి లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం ఘాటు దిగుతున్నాను. సన్నగా వాన పడుతోంది. వెలుతురు బాగానే ఉంది. ఒక మలుపు తిరగగానే రోడ్డు నిండా ఆవుల మంద. నా పాత అలవాటే, బలమంతా పెట్టి తొక్కాను. చక్రాలు బిగుసుకున్నాయి. కారు ఆగలేదు, తడి రోడ్డు మీద పక్కకు జారుతూ లోయ వైపు పోతోంది. స్టీరింగు తిప్పినా వినడం లేదు.

అప్పుడు పెడల్ నా పాదాన్ని కింది నుంచి పైకి నెట్టింది. ఒకసారి నెట్టి వదిలింది. మళ్లీ నెట్టి వదిలింది. ఆ తర్వాత నా కాలిని తనతో పాటు కిందికి తీసుకుపోయి గట్టిగా పట్టి ఉంచింది. చక్రాలు రోడ్డును పట్టాయి. ఒక ముసలి ఆవు ముందర కారు ఆగిపోయింది. ఆవు నన్ను చూసి తల తిప్పుకుంది.

పశువుల కాపరి గొంగడి కప్పుకుని అద్దం దగ్గరికి వచ్చాడు. "పైలం అక్కా, జర సూస్కొని పో" అని మందను పక్కకు తోలుకున్నాడు. అతను ఇంకేమీ అనలేదు, ఇంకేమీ చూడలేదు కూడా.

డ్యాష్‌బోర్డు డబ్బా తెరిచి చూశాను. ఫ్యూజులు పేపరు ముక్కలో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. పసుపు లైటు వెలుగుతోంది. పక్క సీటు వైపు మాత్రం చాలాసేపు చూడలేకపోయాను. చివరికి చూస్తే అక్కడ నా హ్యాండ్‌బ్యాగు, టిఫిన్ డబ్బా ఉన్నాయి. ఏడుపు ఆగలేదు. భయంతో కాదు.

జరిగింది చెబితే రఫీక్ చక్రాలు విప్పి చూశాడు. బ్రేకు డిస్కులు వంకర పోతే పెడల్ అలా కొడుతుందట, కానీ అవి సాఫుగా ఉన్నాయి. ఫ్యూజులు లేకుండా ఏబీఎస్ పనిచేయడం కుదరదన్నాడు. "గాబరాల నీ కాలే గట్ల చేసినట్టుంది అమ్మా, డాడీ చెప్పింది యాదికొచ్చి" అన్నాడు ప్రవీణ్ ఫోనులో. కావచ్చు. పేషెంట్లకు నేనూ అలాంటి మాటలే చెబుతాను. కానీ నేను పాదం ఎత్తలేదు. నా పాదాన్ని ఎత్తారు. ఆ తేడా తెలియనంత వెర్రిదాన్ని కాను.

తర్వాత నేను చేసిన పని ఎవరికీ చెప్పలేదు. ఘాటు దాటాక ముందూ వెనుకా ఎవరూ లేని చోట, ఎదురుగా ఏమీ అడ్డం లేకపోయినా, కావాలనే బ్రేకు గట్టిగా తొక్కాను. మళ్లీ వస్తారేమోనని. కారు కొంత దూరం జారి ఆగింది. పెడల్‌లో ఏ కదలికా లేదు. ఇంకో వారం కూడా తొక్కాను. అప్పుడూ ఏమీ లేదు.

సామాను వచ్చిందని రఫీక్ ఫోన్ చేశాడు. ఈ వారం వీలు కాదన్నాను. పై వారం డ్యూటీ ఉందన్నాను. ఆ లైటు వెలుగుతున్నంతవరకు, నా కాలి కింద ఏదైనా కదిలితే అది మిషన్ పని కాదని నాకు కచ్చితంగా తెలుస్తుంది. ఆ ఒక్క గుర్తును పోగొట్టుకోవడానికి మనసు ఒప్పలేదు.

అలా ఉండగా ఇంకో శనివారం మా దగ్గర కాన్పు అయిన ఒక పిల్లను ఆసిఫాబాదులో దింపాల్సి వచ్చింది. పక్క సీట్లో కూర్చుంది, ఒడిలో చంటిబిడ్డ. వాన పడుతోంది. ఘాటు మొదలవగానే పసుపు లైటు చూశాను, బిడ్డను చూశాను. ఈ బిడ్డ ప్రాణాన్ని నేను ఎవరి కాలి మీద పెట్టి నడుపుతున్నాను? ఘాటు మొత్తం రెండో గేరులో దిగాను. వెనక లారీలు హారన్లు కొట్టి తిట్టుకున్నాయి. ఆ సాయంత్రమే కారు తీసుకెళ్లి రఫీక్‌కు అప్పజెప్పాను.

సెన్సారు మార్చి, ఫ్యూజులు పెట్టాడు. తాళం తిప్పగానే లైటు వెలిగి ఆరిపోయింది. ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లి నన్నే గట్టిగా తొక్కమన్నాడు. కాలి కింద పెడల్ కుట్టుమిషనులా గడగడా అదిరింది. "గిట్లనే కదా అక్కా ఆ రోజు?" అని అడిగాడు. అలా కాదు. ఆ రోజుది నెమ్మదిగా, తెలిసిన మనిషి చేసినట్టుగా ఉంది. అతనితో మాత్రం అవునన్నాను.

ఆ మధ్యాహ్నం ఘాటులో ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ప్రవీణ్ చెప్పిందే నిజం కావచ్చు. కారు అమ్మలేదు, ఇప్పుడు దానికి ఏ లోపమూ లేదు. బాలింతలను, బిడ్డలను నిశ్చింతగా ఎక్కించుకుంటున్నాను. బ్రేకు గట్టిగా తొక్కాల్సి వస్తే మిషనే ముందు అందుకుంటుంది, ఆ అదురులో ఇంకేదీ తెలియదు. ఇప్పుడు ఆయన వచ్చి బ్రేకు వేసినా నాకు తెలియదు.