ఎండలో పెట్టిన సెల్లులు

మొన్న టీవీ రిమోట్ మొండికేస్తే, మా అబ్బాయి కొత్త సెల్లులకు ఫోన్లో ఆర్డర్ పెట్టేలోపే నేను పాతవి రెండూ బయటికి తీసి బాల్కనీ గోడ మీద ఎండలో పెట్టేశాను. వాడు వింతగా చూసి, "అవేమైనా అప్పడాలా అమ్మా?" అన్నాడు. కాసేపాగి వాటిని తీసి అరచేతిలో పట్టుకుంటే వేడెక్కిన రేకు వాసన వచ్చింది. ఆ వాసనతోపాటు వయొలిన్ కమానుకు రాసే రోజిన్ వాసన కూడా ముక్కుకు తగిలినట్టనిపించింది. పుణేలో ఈ మూడో అంతస్తు ఫ్లాటులో రోజిన్ ఎక్కడిది? నా ముక్కుకు మాత్రం ఆ రెండు వాసనలూ ఎప్పుడూ జంటగానే వస్తాయి, దానికి మా సులోచన చిన్నమ్మే కారణం.

మహారాష్ట్రలో మేం పెరిగిన చంద్రపూర్ ఎండల గురించి ఎంత చెప్పినా బయటివాళ్ళు నమ్మరు. ఊరి పక్కనే కరెంటు పుట్టించే పెద్ద పెద్ద పొగగొట్టాలు, ఆరేసిన తెల్ల పంచెల మీద బొగ్గు నుసి, ఇన్ని ఉన్నా మధ్యాహ్నం అన్నాలు తిని లేచేసరికి మా బాబుపేట్‌లో కరెంటు పోయేది. కూలరు ఆగిపోయి, తడిసిన వట్టివేళ్ళ వాసన మెల్లగా ఆరిపోతూ ఉంటే, పిల్లలమంతా గచ్చు మీద నీళ్ళు చల్లుకొని బోర్లా పడుకునేవాళ్ళం. పక్కింటి మరాఠీ ఆవిడను మేం కాకు, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం, ఆమె దగ్గర నేర్చుకొని అమ్మ పన్హా అనే పచ్చిమామిడి పానకం కలిపిచ్చేది. మా వైపు నాన్నను బాపు అంటారు. మా బాపుది బజార్లో పరదాల బట్టల దుకాణం, మధ్యాహ్నం షట్టరు సగం దించి వచ్చి ఆయన కూడా మాతోపాటు గచ్చు మీదికే చేరేవాడు.

అమ్మ తండ్రి, అంటే మా తాత, బల్లార్షాలో రైలు గార్డుగా చేసి రిటైరై, పెళ్ళికాని చిన్న కూతురు సులోచనతో మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేవాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కాజీపేటలో బండి ఆగిన ప్రతిసారీ అక్కడి పెద్దాయనెవరి దగ్గరో కూర్చొని ఫిడేలు నేర్చుకున్నాడట. తన ఫిడేలును పాత పచ్చజెండా గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు, ఆ గుడ్డతోనే తీగల మీది రోజిన్ పొడి తుడిచేవాడు. సినిమా పాట వినపడితే కిటికీ మూసేసే మనిషి. ఆయన దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క శిష్యురాలు చిన్నమ్మ. గురువు ముందు కూర్చొని నేర్వని పాటను నలుగురి ముందు వాయించకూడదన్నది ఆయన పెట్టిన నియమం, రైలుకు ఎర్రజెండా ఎంతో చిన్నమ్మకు ఆ మాట అంత.

అలాంటి ఇంట్లోకి ఒక అమెరికా టేప్‌రికార్డరు వచ్చి పడింది. దేశం తలుపులు తెరిచారని పెద్దవాళ్ళు పేపరు చదువుకుంటూ అనుకునే రోజులవి. బల్లార్‌పూర్ కాగితం మిల్లులో కొత్త యంత్రం బిగించడానికి ఒక అమెరికా ఇంజినీరు వచ్చి గెస్ట్‌హౌసులో ఉన్నాడు. ఆ గెస్ట్‌హౌసుకు పరదాలు కుట్టించి ఇచ్చింది బాపు. ఆ పూల పరదాలు ఎంత నచ్చాయో ఏమో, వెళ్ళిపోతూ ఆయన సెల్లులతో నడిచే చిన్న టేప్‌రికార్డరును, లోపల ఉన్న క్యాసెట్‌తో సహా, బాపు చేతిలో పెట్టి పోయాడు. క్యాసెట్ మీద పేరు లేదు, లోపల మాట లేదు. ఒక పక్క ఫిడేలు, దానికి తోడు ఏవో తీగల మోత. రెండో పక్క పెళ్ళి బ్యాండులో క్లారినెట్ లాంటిదే, కానీ ఇంకొంచెం బొంగురుగా, అన్నం తిని బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంటున్నట్టు సాగే ఒక ఊదుడు వాద్యం. మొదటిది వాళ్ళ పల్లెటూళ్ళలో ఆడుకుంటూ వాయించే ఫిడేలనీ, రెండోది జాజ్ అనీ మాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

మా ఇంట్లో ఇంకో క్యాసెట్ లేదు. అందుకే చిన్నమ్మ ఆ వేసవి అంతా అదే విన్నది. సెల్లులు ఆ ఇంజినీరు వాడగా మిగిలినవే, అవి నీరసపడితే మేం తీసి ఎండలో పెట్టేవాళ్ళం, కాస్త వేడెక్కాక మళ్ళీ వేస్తే ఇంకాసేపు పాడేవి. ఫిడేలు పాట ఒకటి చిన్నమ్మ గుండెకు పట్టుకుంది. అది నిదానంగా, గంభీరంగా, పొలం గట్టు మీద ఒంటరిగా కూర్చొని ఎవరినో తలుచుకుంటున్నట్టు ఉండేది. ఆమె ఒక్కో ముక్కా విని, ఆపి, తన ఫిడేలు మీద వెతుక్కొని, దొరికాక మా వంక చూసి నవ్వేది. ఆ నవ్వు కోసమే మేం సెల్లులు పట్టుకొని ఎండలోకి పరుగెత్తేవాళ్ళం.

కింద కూర్చొని, ఫిడేలు కొసను కుడి పాదం మీద ఆనించి వాయించడం మన పద్ధతి కదా. ఆ క్యాసెట్‌లోనేమో ఫిడేలాయన నేల మీద కాలితో కొడుతూ వాయిస్తున్నట్టు ధన్, ధన్ అని వినపడేది. చిన్నమ్మకు ఆ కాలి దెబ్బ కూడా కావాలి. తన కాలు కదిలిస్తే ఫిడేలు అదురుతుంది. "నా కాలు ఖాళీ లేదే, మీరు కొట్టుండ్రి," అని మా చేత కొట్టించేది. అలా నేనూ మా తమ్ముడూ కాకు కూతురూ చిన్నమ్మ కాళ్ళమయ్యాం.

వానలు పడ్డాయి. మా వాడకట్టు గణపతి మండపంలో ఏటా ఒక సాయంత్రం పాటల కార్యక్రమం ఉండేది. చిన్నమ్మ అందులో ఆ పాట వాయిస్తానంది. తాత కమాను కింద పెట్టాడు.

"ఎవల దగ్గర నేర్సినవ్ బిడ్డా?"

"గా క్యాసెట్టే నా గురువు బాపూ. అండ్ల ఎట్లున్నదో అట్లనే వాయిస్త."

తాత చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. వద్దంటాడనే అనుకున్నాం. ఆ పాట స్వరాలు మోహన రాగంలా ఉన్నాయని వసారాలో కూర్చొని ఆయనా వింటూనే ఉన్నాడని మాకేం తెలుసు? చివరికి, "సరే. గని గురువు చెప్పినదాంట్లకెంచి ఒక్క ముక్క తప్పినా సభల కూసోవద్దు," అన్నాడు. చిన్నమ్మ ఆ రోజు మాకందరికీ బెల్లం అటుకులు కలిపి పెట్టింది.

కార్యక్రమం రోజు మధ్యాహ్నం ఇల్లంతా కుడుముల ఆవిరి. కాకు మోదకాలు పంపింది. చివరిసారి విందామని చిన్నమ్మ మీట నొక్కితే టేపు మూలిగి ఆగిపోయింది, ఎండలో పెడదామంటే బయట ముసురు. బాపు బజారు నుంచి కొత్త సెల్లులు కొని తెచ్చి తనే వేశాడు.

మీట నొక్కగానే ఫిడేలు కంచె దూకిన మేకపిల్లలా పరుగెత్తింది. అదే పాట. అవే స్వరాలు, కానీ శ్రుతి పైకెక్కి, నడక రెండింతలై, కాలి దెబ్బలు తబతబా పడుతూ, ఊరు ఊరంతా కలిసి గంతులేస్తున్నట్టుంది. మేం పిల్లలం మొదట పకపకా నవ్వాం. చిన్నమ్మ ముఖం చూశాక ఆపేశాం. వేసవి పొడుగునా ఆమె నేర్చుకున్నది నీరసపడ్డ సెల్లుల పాట. గురువు వాయించిన పాట అది కానే కాదు.

ఆమె కమాను వెంట్రుకలు వదులు చేసి, ఫిడేలును దాని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టింది. "నేను కూసోను బాపూ. అంతా తప్పే నేర్సిన," అంది. పాతికేళ్ళ మనిషి అలా చిన్నపిల్లలా ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు, నాకూ ఏడుపొచ్చింది. ఇప్పుడు తాత నియమం ఆమె చేత్తోనే ఆమెను ఆపుతోంది.

తాత లేచి వచ్చి క్యాసెట్‌ను మొదట్నుంచి మళ్ళీ విన్నాడు. తర్వాత, "ఇగ నీది వాయించు," అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకొని వాయించింది. నిదానంగా, ప్రతి స్వరాన్నీ మన గమకంతో ఊపుతూ, మధ్యలో ఆ రెండో పక్క బొంగురు వాద్యంలా పాటను వదిలేసి తన మనసుకు తోచినట్టు తిరిగి మళ్ళీ పాటకు వచ్చింది. అక్కడ తాత తల ఊపాడు.

"గీ తిరుగుడు మన స్వరకల్పనే గదనే," అన్నాడు. "గది ఆళ్ళ పాట బిడ్డా. ఆళ్ళు ఎగురుతుండ్రు, ఎగురనీ. గిది నీది. గిట్ల నీకు ఎవ్వలు చెప్పలే."

"మరి గురువో?" అంది చిన్నమ్మ, ముక్కు ఎగబీలుస్తూ.

"గురువు లేకుంటేమాయె? గా నడుమిరిగిన సెల్లులకు దండం పెట్టి కూసో పో."

ఆమె ఏడుపులోనే నవ్వేసింది.

సాయంత్రం మండపంలో తాత ఇస్త్రీ పంచె కట్టుకొని చిన్నమ్మ పక్కన కూర్చొని, కీర్తనకు తప్ప ఎత్తని చేత్తో తాళం వేశాడు. మేం ముగ్గురం చెక్క వేదిక మీద ఒట్టికాళ్ళతో నిలబడి దెబ్బ వేశాం. చిన్నమ్మ తన నడకలో మొదలుపెట్టి, చివర్లో ఉన్నట్టుండి అమెరికావాడి వేగం అందుకుంది. మా కాళ్ళు పరుగెత్తాయి, తాత చేయి పరుగెత్తింది, గుగ్గిళ్ళు తింటున్న కాకు కూడా చప్పట్లు కొట్టింది. అయ్యాక మండలి పెద్దమనిషి ఇది ఏ వాగ్గేయకారుడి కృతి అని మరాఠీలో అడిగాడు. తాత మైకు తన వైపు లాక్కొని, "హే మాఝ్యా ములీచం ఆహే," అన్నాడు. ఇది నా బిడ్డది, అని. సినిమా పాటకు కిటికీ మూసే మా తాతేనా అని ఇప్పటికీ నాకు ఆశ్చర్యం, ఆయన మీద ప్రేమ.

బాబుపేట్ ఇల్లు ఇప్పుడు మాది కాదు. తాత లేడు. టేప్‌రికార్డరు ఏ పాత సామాన్లవాడి బండెక్కిందో తెలియదు. ఆ మండపంలో పాటల సాయంత్రం పోయి డీజే వచ్చింది. ఉన్నది ఒకటే క్యాసెట్ కావడంతో, అది చెరిపి చిన్నమ్మ పాట నింపుకోవాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఆ అమెరికా పాట మాత్రం ఈ మధ్య ఫోన్లో దొరికింది. వేగం తగ్గించే సౌకర్యం కూడా ఉందిగా, తగ్గించి విన్నాను. సాగింది, బొంగురుపోయింది, అంతే. మా పాట అందులో లేదు.

సెల్లులు చేతిలో పట్టుకొనే నాగ్‌పూర్‌లో ఉన్న చిన్నమ్మకు ఫోన్ చేశాను. అరవై దగ్గర పడుతున్నా పిల్లలకు ఫిడేలు నేర్పుతూనే ఉంది, ఇలాంటి కలగలుపు పాటలు ఇంకా చాలా కట్టింది. "మన పాట వాయించు చిన్నమ్మా," అన్నాను. ఎందుకని అడగకుండా ఫోన్ పక్కన పెట్టి మొదలుపెట్టింది. రెండు వరుసలయ్యాక టక్కున ఆగింది.

"ఏమైందే? నా కాలేది?"

కింది ఫ్లాటువాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోనీ అనుకొని, చెప్పు విడిచి, నేల మీద గట్టిగా దెబ్బ వేశాను.