చెప్పకుండా వెళ్లిపోయే పిల్లలు

హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక సర్కారు బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్తాను. ప్రగతి నగర్ నుంచి బస్సులు మారి బడికి చేరేసరికే సగం ఓపిక అయిపోతుంది. మా పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది చుట్టుపక్కల లేచే ఆఫీసు భవనాల్లో కూలి పని చేసేవాళ్లు. ఒక భవనం పూర్తయితే కుటుంబమంతా మరో చోటికి పోతుంది. బడికి ఎవరూ చెప్పరు. హాజరు పిలిస్తే ఒక గొంతు పలకదు, అంతే.

ఆ ఏడాది దసరా సెలవుల తర్వాత అట్లాగే ఒక పాప రాలేదు. బెంచీ మీద ఆమె పక్కన కూర్చునే పాప ఆ ఖాళీలో తన బ్యాగు పెట్టడం మొదలుపెట్టింది. ఎవరైనా కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టేది. ఈ పాప తండ్రి దగ్గర్లోని అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్, అందుకని వీళ్లు ఎక్కడికీ పోరు. పోయేవాళ్లను చూస్తూ మిగిలిపోతుంది.

కొన్నాళ్లకు మధ్యాహ్న భోజనం కూడా మానేసింది. అడిగితే కడుపునొప్పి అనేది. అంతకుముందే పిల్లల మనసు గురించి మాకు శిక్షణ ఇచ్చారు. అందులో నేర్పినట్టే, కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తీసుకోవడం పిల్లలతో చేయించాను. అందరూ మూసుకున్నారు, ఆ పాప తప్ప. తలుపు వైపే చూస్తూ కూర్చుంది. నిజానికి నేను కళ్లు మూసుకుంటే అక్కడే నిద్రపోయేదాన్ని.

తల్లిని పిలిపించాను. ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది, ఆ యూనిఫాంలోనే వచ్చింది.

"దవాఖానకు తీస్కపోయినం మేడం, ఏం లేదన్నరు. దోస్తు పోయిందని గింత పరేషాన్ అయితదా?"

"అయితదమ్మా. కోప్పడకు. ఆ దోస్తు ముచ్చట తీస్తే జర విను, చాలు."

"ఎప్పుడు వినాలె మేడం? నేను ఇంటికి పోయేవరకు పండుకుంటది."

ఆమె వెళ్లాక రిజిస్టరు తీసి ఆ దోస్తు వాళ్ల వివరాలు వెతికాను.

వెళ్లిపోయిన కుటుంబం బడిలో ఇచ్చిన ఫోన్ నంబరు పనిచేయలేదు. ఈ పాప తండ్రే ఎవరెవరినో అడిగి వాళ్ల మేస్త్రీ నంబరు పట్టుకొచ్చాడు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, అటువైపు ఆ స్నేహితురాలు వచ్చాక, నా ఫోన్ పాప చేతికిచ్చాను.

"అన్నం తిన్నవా?" అని అటునుంచి వినిపించింది.

"లే."

"ఏం కూర?"

"పప్పు." తర్వాత పాప అడిగింది, "చెప్పకుంట ఎందుకు పోయినవ్?"

"నాకు గూడ తెల్వదు. పొద్దుగాల లేపి బండి ఎక్కిచ్చిండ్రు."

ఫోన్ నాకిచ్చేసి పాప ఏడ్చింది. అన్నాళ్లలో అదే మొదటిసారి. ఏడుపు ఆగేదాకా పక్కనే కూర్చున్నాను. తర్వాత కొద్దిగా అన్నం తిన్నది. ఆ వారంలోనే బ్యాగు కిందికి దించి, ఇంకో పాపకు చోటిచ్చింది.

ఆ స్నేహితురాలు అక్కడ బడికి పోవడం లేదని, తమ్ముణ్ని చూసుకుంటోందని ఆ ఫోన్‌లోనే వాళ్లమ్మ నాకు చెప్పింది. దగ్గర్లో ఏదైనా బడిలో వేయమన్నాను. "ఏస్త మేడం" అంది. వేసిందో లేదో తెలియదు. తర్వాత చేస్తే మేస్త్రీ ఫోన్ ఎత్తలేదు.

అప్పటినుంచి ప్రతి తల్లికీ చెప్తున్నాను, పోయే ముందు ఒక్కసారి పిల్లను తీసుకుని రమ్మని. ఎక్కువమంది రారు. రాలేరు కూడా, వాళ్లకే ముందు రోజు రాత్రి దాకా తెలియదు. కొత్త పిల్లల పేర్లు నేర్చుకోవడం, పోయినవాళ్లవి కొట్టేయడం, ఏడాదంతా ఇదే పని.

మొన్న ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గేటు బయట సామాన్లతో నిండిన ట్రాలీ ఆటో ఉంది.

"కొల్లూరు దిక్కు కొత్త పనికి పోతున్నం మేడం. చెప్పి పొమ్మన్నరు గద."

పాపను తరగతిలోకి పంపాను. పిల్లలు చుట్టూ మూగారు. ఒకతె తన రబ్బరు తీసి ఇచ్చింది. కొందరు ఊరికే నవ్వుతున్నారు. బయట డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. జర ఆగమని చెప్పడానికి నేనే గేటు దాకా నడిచాను.