దుప్పట్లతో వెళ్లిపోయిన చార్మినార్ స్టాంపు

నాలుగో తరగతితో బడి మానేసినవాడిని. ఇలా రాయడం ఇదే మొదలు. ఎక్కడ ఏ ఒత్తు పెట్టాలో నాకు సరిగా తెలియదు. నవ్వొస్తే నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మచ్చ బొల్లారంలో మాకు ఇస్త్రీ బండి ఉంది. పాత స్టాంపులు పోగుచేయడం నా అలవాటు. రాజులు, రాణులు, కోటలు, గుహల బొమ్మలున్నవంటే ప్రాణం. నాకు తెలిసిన కొద్దిపాటి చరిత్ర వాటి వల్ల తెలిసిందే.

శామీర్‌పేటలో ఒక పెద్దాయన ఉన్నారు. చాచా అని పిలుస్తాను. వాళ్ల నాన్నకు వచ్చిన ఒక కవరు మీద నిజాం కాలం నాటి చార్మినార్ స్టాంపు ఉంది. కవరుకు చెదలు పట్టింది. తన చేతులు వణుకుతాయని, స్టాంపు ఊడదీసి ఇమ్మని నాకు అప్పగించారు.

"మా అబ్బాది ఇదొక్కటే మిగిలింది బేటా. పైలం," అని జాగ్రత్త చెప్పారు.

నీళ్లలో నానబెట్టి మెల్లగా ఊడదీశాను. ముడతలు పడకుండా ఆరాలని పేపరు మడతలో పెట్టి, ఇస్త్రీ చేసిన దుప్పట్ల కింద ఉంచాను. ఎప్పుడూ అలాగే చేస్తాను. అన్నం తిని, ఓ కునుకు తీసి వచ్చేసరికి దుప్పట్లు లేవు.

"సుచిత్రల ఉండే మేడం దుప్పట్లేవి?" అని నా భార్యను అడిగాను.

"ఇచ్చొచ్చిన. మాయకుండ కింద పేపర్ గూడ పెట్టిచ్చిన."

"అండ్లనే చాచా స్టాంపున్నది."

"నాకేమెర్క? నీ స్టాంపులకు గిరాకోళ్ల బట్టలే దొరికినయా?"

స్కూటర్ మీద సుచిత్రలోని ఆమె ఇంటికి వెళ్లాను. చాచాకు ఏం చెప్పాలా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

"ఆ పేపరా? అల్మారలో పరిచేసిన," అన్నారు మేడం.

దాని మీది చీరలన్నీ ఆమే తీసి పక్కన పెట్టారు. నేను మడత విప్పాను. స్టాంపు అక్కడే ఉంది. చక్కగా ఆరింది. అంచు పళ్లు ఒక్కటి కూడా విరగలేదు. అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయాను. ఆమె మంచినీళ్లిచ్చారు.

మర్నాడు బస్సులో శామీర్‌పేట వెళ్లి చాచాకు జరిగిందంతా చెప్పేశాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు.

"మా అబ్బా ఎన్నడు శామీర్‌పేట దాటనియ్యలే దీన్ని. నువ్వు సుచిత్ర దాంక తిప్పుకొచ్చినవ్," అని నవ్వి, "ఇగ నువ్వే ఆల్బంల పెట్టు," అన్నారు.

ఆయన తీసిచ్చిన ఆల్బంలో పెట్టాను. తిరుగు బస్సులో హాయిగా నిద్రపట్టి, దిగాల్సిన చోటు దాటిపోయాను.

ఇంతే నాకు రాయడం వచ్చింది. తప్పులున్న చోట పెద్ద మనసుతో సరిచేసుకుని చదువుకోండి, నన్ను క్షమించండి.