టీచర్ గారి తెల్లచీరకు పట్టిన పాచి

గవర్నర్‌పేటలో ఒక రంగుల కొట్టుంది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా సిగ్గుతో తల వంచుకుంటాను, పనిలో పనిగా దండం కూడా పెట్టుకుంటాను. అక్కడ నేను చేసిన నిర్వాకం చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి.

పామర్రు బడిలో మాకు డ్రాయింగ్ చెప్పిన సలోమీ టీచర్ గారు రిటైరవుతున్నారు. నా చేతికి మొదట కుంచె ఇచ్చిన మనిషి. సన్మానానికి ఆవిడ బొమ్మ నేనే వేస్తానని పాత విద్యార్థుల గ్రూపులో గొప్పగా ఒప్పేసుకున్నాను. తెల్లచీర, వెనక ఎర్రటి తెర. చీర మడతల్లో నీడలకు బూడిదరంగు పూసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. మడతలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి!

"అన్నయ్యా, టీచర్ గారి చీరకు పాచి పట్టిందేంటి?" అంది మా చెల్లి.

తుడిచి మళ్లీ వేశాను. మళ్లీ పాచే! సన్మానం చూస్తే మర్నాడే. బొమ్మను ఆటోలో వేసుకుని, రంగు కొన్న కొట్టు మీదికి దండెత్తాను.

"ఏమండీ మస్తాన్ గారూ, గ్రే అడిగితే గ్రీన్ కలిపి అమ్ముతారా?"

కొట్టు యజమాని మస్తాన్ గారు ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసిన పెద్దాయన. తాపీగా కళ్లజోడు సవరించుకున్నారు.

"అట్టా ఎవరూ కలపరు బాబూ."

"కళ్లకు కనపడుతుంటే కలపరంటారేంటండీ? రేపు టీచర్ గారికి ఏ మొహం పెట్టుకుని ఇవ్వను?"

జనం మూగారు. నాకు ఊపొచ్చింది. కోర్టుకెక్కుతానన్నాను! ఆయన పాత పేపరుకు చిల్లు పెట్టి, ఎర్రతెర కనపడకుండా చీర నీడ మీద పరిచారు.

"ఇప్పుడు చూడండి. ఏం రంగు?"

చిల్లులోంచి చూశాను. శుద్ధ బూడిదరంగు. ఆ క్షణాన నా మొహమూ అదే రంగు.

"ఎరుపు పక్కనుంటే బూడిదరంగు మన కంటికి ఆకుపచ్చగానే అనిపిస్తదండీ. అయినా అంత ఎర్రతెర వెనకుంటే, ఆ ఎరుపు కాస్తన్నా చీర మీద పడదా? మీరు పడనిచ్చారా?"

అక్కడే నా చేత నీడల్లో రవ్వంత ఎరుపు కలిపించారు. పాచి మాయం! చీర ఉతికి ఆరేసినట్టు తెల్లబడింది. అన్ని మాటలన్న నాకు టీ కూడా తెప్పించారు. ఆ మంచితనాన్ని నేనెప్పటికీ మరిచిపోలేను.

మర్నాడు టీచర్ గారు బొమ్మ చూసి కళ్లు తుడుచుకున్నారు.

"తెర ఎరుపు చీర మీద పడేట్టు భలే వేశావురా! ఎవరు నేర్పారు?"

"రంగుల కొట్టు మస్తాన్ గారండీ."

"ఎనిమిదో తరగతిలో ఎర్ర దుప్పటి మీద తెల్లకప్పు పెట్టి నేను చెప్పిందీ ఇదే కదరా! ఆ రోజు నువ్వు బెంచీ కింద తల పెట్టి మరమరాలు తింటున్నావు."

హాలంతా గొల్లుమంది. ఆ తెల్లకప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పక్కన ఏముందో చూడకుండా ఇక ఏ రంగునూ తిట్టను. పాఠం జరిగేటప్పుడు మరమరాలు ముట్టను.